రాణి ఉన్నదా, లేదా?

మంచు పడడానికి కొద్ది వారాలే గడువు. పెట్టెలో వేలాది తేనెటీగలు కళకళలాడుతున్నవి. అయినా ఆ పట్టు వసంతాన్ని చూడగలదా అన్నది ఒకే ఒక ఈగ మీద ఆధారపడి ఉన్నది. ఆ ఈగ మాత్రం కంటికి కనబడడం లేదు.

అక్టోబరు నెల నడిమి రోజులు. హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయలో ఆపిల్ పండ్ల కోత ముగిసి, చెట్లు ఆకు రాల్చడానికి సిద్ధమవుతున్నవి. మధ్యాహ్నపు ఎండ ఇంకా హాయిగానే ఉంటుంది. సూర్యుడు కొండచాటుకు పోగానే చలి ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. ఇటువంటి ఒక మధ్యాహ్నం, తోట గట్టున పది తేనెపెట్టెలు పెట్టుకున్న ఒక రైతును ఊహించుకోండి. శీతాకాలానికి ముందు జరిపే ఆఖరు తనిఖీ అది. ఆరు పెట్టెలు చూశాడు. అన్నీ సవ్యంగా ఉన్నవి. ఏడవదాని మూత ఎత్తాడు. ఈగలు దండిగా ఉన్నవి, తేనె ఉన్నది, పుప్పొడి ఉన్నది. కాని పట్టు నడుమ, గుడ్లూ పిల్లపురుగులూ ఉండవలసిన చోట, ఖాళీ గదులు మాత్రమే కనిపిస్తున్నవి.

రాణి చనిపోయినదా? లేక చలి సమీపిస్తున్నదని గుడ్లు పెట్టడం మానుకొని ఏ మూలనో విశ్రాంతి తీసుకుంటున్నదా? ఈ రెండు స్థితులూ పైకి ఒకే విధంగా కనిపిస్తవి. చేయవలసిన పని మాత్రం రెండింటికీ పూర్తిగా వేరు. వసంతకాలంలో అయితే తొందరలేదు; పొరపాటు చేసినా దిద్దుకోవడానికి ప్రకృతి వ్యవధి ఇస్తుంది. అక్టోబరు ఇవ్వదు.

ఎందుకు ఇవ్వదో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. రాణిని పోగొట్టుకొన్న పట్టు సాధారణంగా చేతులు ముడుచుకొని కూర్చోదు. కూలి ఈగలు తమ గదులలోని లేత పిల్లపురుగులలో కొన్నింటిని ఎంచుకొని, వాటికి రాయల్ జెల్లీ అనే పోషకాహారాన్ని పుష్కలంగా పెట్టి, గదులను వేరుశనగ కాయల వలె కిందికి సాగదీసి, కొత్త రాణులను తయారుచేసుకుంటవి. పుట్టుకతో కూలికీ రాణికీ భేదం లేదు, తిండిలోనే ఉన్నది. ఈ రహస్యాన్ని 1760వ దశకంలో ఆడమ్ షిరాక్ అనే జర్మన్ మతబోధకుడు బయటపెట్టినప్పుడు చాలామంది నమ్మలేదు.

మన రైతు పెట్టెలో రాణి అక్టోబరు 10న చనిపోయిందనుకుందాం. ఐరోపా జాతి తేనెటీగలలో గుడ్డు నుంచి రాణి వెలువడడానికి 16 రోజులు పడుతుంది. గుడ్డు పొదగబడి ఒక రోజు గడిచిన పిల్లపురుగును ఎంచుకుంటే మిగిలేది 12 రోజులు. అంటే 22వ తేదీకి కన్యరాణి బయటికి వస్తుంది. ఒళ్లు గట్టిపడి ఎగరడానికి మరి ఐదారు రోజులు. అప్పుడు ఎండ కాచే, గాలి లేని, ఇంచుమించు 20 డిగ్రీల వెచ్చదనమున్న మధ్యాహ్నం దొరకాలి. ఎందుకంటే రాణి పెట్టెలో జతకట్టదు. ఆకాశంలో ఎగురుతూ, పదీ ఇరవై పోతుటీగలతో జతకడుతుంది. అన్నీ అనుకూలిస్తే నవంబరు మొదటి వారంలో తొలి గుడ్డు పడుతుంది. ఆ గుడ్డు కూలి ఈగగా మారడానికి 21 రోజులు. తొలి పసి ఈగ రెక్క విప్పేసరికి నవంబరు చివరి వారం వస్తుంది.

అన్నీ అనుకూలిస్తే అన్నాము. అనుకూలించవు. ఆ రోజులలో కొండలలో మధ్యాహ్నాలు చల్లబడుతవి. అంతకన్నా పెద్ద చిక్కు పోతుటీగలతో. అవి పని చేయవు, తేనె తింటవి. పూలు తగ్గగానే కూలి ఈగలు వాటిని ఈడ్చుకొనిపోయి ద్వారం బయట పడవేస్తవి. అందుచేత అక్టోబరు చివరలో పుట్టిన రాణికి వరులు దొరకరు. జెనీవాకు చెందిన ఫ్రాన్స్వా హ్యూబర్ యౌవనంలోనే చూపు కోల్పోయిన శాస్త్రజ్ఞుడు. తన సేవకుడు బుర్నెన్ కళ్లతో తేనెటీగలను పరిశీలించి 1792లో గ్రంథం ప్రచురించాడు. రాణి జతకట్టడం మూడు వారాలు ఆలస్యమైతే ఇక జీవితమంతా పోతుటీగలనే కంటుందని నిరూపించినది ఆయనే. అటువంటి రాణి ఉన్నా లేకున్నా పట్టుకు ఒకటే.

మరొక సంగతి కూడా ఉన్నది. వేసవిలో పుట్టిన కూలి ఈగ ఆయుర్దాయం ఇంచుమించు ఆరు వారాలు. శరత్తులో పుట్టే ఈగల కథ వేరు. అవి పిల్లలను పెంచే శ్రమ పెద్దగా పడవు. పుప్పొడి దండిగా తిని, కడుపులోని కొవ్వుపొరలో మాంసకృత్తులు నిలవచేసుకుంటవి. ఆ నిలవ పుణ్యమా అని నాలుగు నుంచి ఆరు నెలలు బ్రతుకుతవి. చలికాలమంతా గుంపుగా ముడుచుకొని, ఒంటి కండరాలను అదిలించి వేడి పుట్టించి, మార్చి వరకు పట్టును కాపాడేవి ఈ దీర్ఘాయువు ఈగలే. రాణి సెప్టెంబరులోనే పోయి ఉంటే ఆ తరమే పుట్టి ఉండదు. పెట్టెలో ఈనాడు కనిపించే సందడి ముసలి ఈగలది. డిసెంబరులో మూత తీస్తే అడుగుపలక మీద అవి రాశిగా పడి ఉంటవి.

"రాణి" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మాటలు మోసుకొని వచ్చే వృత్తిలో ఉన్న ఈ వ్యాసకర్తకు ఆ పేరు ఎప్పుడూ కొంచెం ఇబ్బందిగానే తోస్తుంది. ప్రాచీన గ్రీకులూ రోమనులూ దానిని రాజు అన్నారు. 1599 ప్రాంతంలో షేక్‌స్పియర్ "హెన్రీ ది ఫిఫ్త్" నాటకంలో ఒక మతాధిపతి చేత తేనెటీగల రాజ్యాన్ని వర్ణింపజేసినప్పుడు కూడా సింహాసనం మీద కూర్చోబెట్టింది మగవాడినే. గుడ్లు పెట్టేది ఆ "రాజే"నని స్పెయిన్ దేశీయుడు లూయిస్ మెండెజ్ డి తోరెస్ 1586లోనే వ్రాశాడు, ఎవరికీ పట్టలేదు. 1609లో చార్లెస్ బట్లర్ అనే ఆంగ్ల మతాచార్యుడు "ఫెమినైన్ మొనార్కీ" అని పుస్తకానికి పేరు పెట్టి రాణిని గద్దె ఎక్కించాడు. మనమూ ఆ పేరునే తెచ్చుకున్నాము. రష్యన్, పోలిష్ భాషలవారు మాత్రం దానిని "మాత్కా" అంటారు, మాత అన్నమాట. అదే సరి అయిన పేరు. అది ఎవరినీ శాసించదు. దానికి తిండి పెట్టేవీ, ఒళ్లు తుడిచేవీ, గుడ్లు తగ్గినప్పుడు దాని స్థానంలో మరొకదానిని పెంచేవీ కూలి ఈగలే.

అది శాసించకపోయినా, దాని ఉనికి మాత్రం పెట్టె అంతటా వ్యాపించి ఉంటుంది. అది ఎలా జరుగుతుందో కనుగొన్నవాడు మరొక బట్లర్ కావడం వింత. ఇంగ్లండులోని రోతంస్టెడ్ పరిశోధనాకేంద్రంలో పనిచేసిన కాలిన్ బట్లర్, రాణి ఒంటి నుంచి వెలువడే ఒక పదార్థాన్ని కూలి ఈగలు నాకి, నోటినుంచి నోటికి పంచుకుంటవని 1954లో వివరించాడు. ఆ పదార్థం అందుతున్నంతకాలం ఈగలు నిశ్చింతగా ఉంటవి. కొత్త రాణిని పెంచవు. అందడం మానగానే కొన్ని గంటలలో కలవరం మొదలవుతుంది. ఒకరోజు రెండురోజులలో రాణి గదులకు పునాదులు పడతవి.

కాబట్టి అనుభవజ్ఞుడైన పెంపకందారు కళ్లకన్నా ముందు చెవులను నమ్ముతాడు. రాణిగల పెట్టె మూత ఎత్తితే ఒక్కసారి ఝుమ్మని, వెంటనే సద్దుమణుగుతుంది. రాణిలేని పెట్టె నుంచి దీర్ఘమైన, తెగని ఒక మూలుగు వస్తుంది. ఈగలు చట్రాల మీద దిక్కుతోచనట్లు అటూ ఇటూ పరుగెత్తుతూ రెక్కలు విసురుతవి. ఇది సూచన మాత్రమే, సాక్ష్యం కాదు. పొగ ఎక్కువైనా, మబ్బు పట్టినా, దొంగ ఈగలు పైబడినా ఇదే ధ్వని వినిపించవచ్చు. మరొక సూచన ద్వారం దగ్గరే దొరుకుతుంది. వరుసలోని పెట్టెలన్నీ పోతుటీగలను తరిమివేసిన తరువాత కూడా ఒక పెట్టె మాత్రం వాటిని పోషిస్తూ ఉంటే అనుమానించవలసిందే. రాణిని పోగొట్టుకొన్న పట్టు పోతుటీగలను వదులుకోదు.

రాణిని వెదకి పట్టుకోవడం అన్నిటికన్నా తిన్నని మార్గమని కొత్తవారు అనుకుంటారు. ఇరవై ముప్పై వేల ఈగల నడుమ ఒకదానిని వెదకడం ఎటువంటిదో చేసినవారికి తెలుసు. కన్యరాణి మరీ సన్నగా, చురుకుగా ఉండి కూలి ఈగలలో కలిసిపోతుంది. అదీకాక చల్లని గాలిలో చట్రాలను అరగంటసేపు బయట పెట్టడం పట్టుకే ప్రమాదం. వెదకవలసినది రాణిని కాదు, గుడ్లను. ఎండను భుజం వెనుకనుంచి పడనిచ్చి, నడిమి చట్రాన్ని కొంచెం వంచి గదుల అడుగు చూడాలి. చిన్న బియ్యపు నూక వంటి గుడ్డు మొదటి రోజున నిటారుగా నిలబడి ఉంటుంది, రెండవ రోజున వాలుతుంది, మూడవ రోజున పడుకుంటుంది. నిలబడిన గుడ్డు ఒక్కటి కనిపించినా చాలు, నిన్నో ఈవేళో రాణి ఆ గది దగ్గరికి వచ్చి వెళ్లినట్లే. మూత దించి, రాయి బరువు పెట్టి, తరువాతి పెట్టె దగ్గరికి పోవచ్చు.

గుడ్లు లేకపోతే? ఇక్కడే చాలామంది తొందరపడతారు. శరత్తులో ఆరోగ్యవంతమైన రాణి కూడా గుడ్లు తగ్గిస్తుంది, కొన్ని రోజులు పూర్తిగా మానుతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు పశ్చిమ హిమాలయ సానువులలో ప్లెక్ట్రాంథస్ అనే పొద విరగబూస్తుంది. కాశ్మీరపు ప్రసిద్ధమైన తెల్లతేనె దానిదే. ఆ పూత మంచిగా ఉన్న ఏడు, వచ్చిన మకరందాన్ని పెట్టడానికి చోటు చాలక ఈగలు పిల్లల గదులను కూడా తేనెతో నింపివేస్తవి. రాణికి గుడ్డు పెట్టే గది దొరకదు. ఇది చూసి రాణి పోయిందనుకునేవారున్నారు. నడిమి చట్రంలో అరచేతి వెడల్పున గదులు ఖాళీగా, అద్దం వలె నునుపుగా తుడిచిపెట్టి ఉంటే, ఈగలు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్లు. అంటే రాణి ఉన్నదన్నమాట. అదే చోట తేనె, పుప్పొడి క్రమం లేకుండా పోసి ఉంటే ఆశ తక్కువ.

ఈ సందిగ్ధాన్ని తీర్చడానికి పెంపకందారులు తరతరాలుగా వాడుతున్న ఒక పరీక్ష ఉన్నది. దానికి ఖర్చు లేదు, పరికరం అక్కరలేదు. ఇంత చక్కని పరీక్ష వైద్యశాస్త్రంలో కూడా తక్కువేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మంచి పెట్టె నుంచి గుడ్లూ, చిన్న పిల్లపురుగులూ ఉన్న ఒక చట్రాన్ని తీసి, దాని రాణి పొరపాటున వెంట రాకుండా ఈగలన్నింటినీ దులిపివేసి, అనుమానపు పెట్టె నడుమ ఉంచాలి. పైన తేదీ వ్రాసుకోవాలి. మూడు నాలుగు రోజుల తరువాత, వెచ్చని మధ్యాహ్నం చూసుకొని, ఆ ఒక్క చట్రాన్నే ఎత్తి చూడాలి.

దాని మీద రాణి గదులు మొలిచి ఉంటే ఇక సందేహం లేదు: పట్టుకు తల్లి లేదు. మొలవకపోతే, చాలావరకు రాణి ఉన్నట్లే. అది కన్యరాణి కావచ్చు, విశ్రాంతిలో ఉన్న ముసలి రాణి కావచ్చు. ప్రశ్న మనం అడుగుతున్నాము, జవాబు ఈగలు చెబుతున్నవి. ఈ పరీక్షకు ఒకే జాతి చట్రం కావాలన్నది గుర్తుంచుకోవాలి. మన దేశవాళీ పుట్టతేనెటీగ గదులు చిన్నవి, ఐరోపా ఈగ గదులు పెద్దవి. పైగా పుట్టతేనెటీగలకు మరొక స్వభావం ఉన్నది: మాటిమాటికీ పెట్టె విప్పి కదిలిస్తే విసిగి, మొత్తం పట్టు లేచి అడవికి పోతుంది. వాటి విషయంలో ఒక్కసారి సరిగ్గా చూడడం పదిసార్లు తొంగిచూడడం కన్నా మేలు.

ఒక్క పరిస్థితిలో ఈ పరీక్ష మోసం చేస్తుంది. రాణి పోయి, పిల్లలు కూడా పూర్తిగా అయిపోయి మూడు నాలుగు వారాలు గడిస్తే, కొన్ని కూలి ఈగల అండాశయాలు మేల్కొంటవి. అవి గుడ్లు పెట్టడం మొదలుపెడతవి. జతకట్టినవి కావు గనుక వాటి గుడ్ల నుంచి పుట్టేవి పోతుటీగలు మాత్రమే. దేశవాళీ ఈగలలో ఈ దుస్థితి ఇంకా త్వరగా వస్తుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. రాణి గదికి ఒక్క గుడ్డు, సరిగ్గా అడుగున, నడుమ పెడుతుంది. కూలి ఈగ పొట్ట పొట్టిది. అడుగు అందక గోడలకు అంటిస్తుంది, ఒకే గదిలో మూడు నాలుగు కుక్కుతుంది. మూసిన గదులు తుపాకి గుండ్ల వలె ఉబ్బి, అక్కడొకటి ఇక్కడొకటిగా కనిపిస్తవి. అటువంటి పట్టు తనకు రాణి ఉన్నట్లే భావిస్తుంది. నిజమైన రాణిని ఇస్తే చంపుతుంది. వసంతంలో వరుసగా పిల్లల చట్రాలు ఇస్తూ దానిని దారికి తేవచ్చు. అక్టోబరులో ఆ ప్రయత్నం కోసం మంచి పెట్టెల పిల్లలను ధారపోయడం వివేకం కాదు. కాస్త దూరంలో ఆ ఈగలను గడ్డి మీద దులిపివేసి, పెట్టెను చోటు తప్పిస్తే, బలంగా ఉన్నవి ఇరుగుపొరుగు పెట్టెలలో చేరి కూలికి కుదురుకుంటవి.

సరే, రాణి లేదని తేలింది. గుడ్లు పెట్టే కూలి ఈగలూ లేవు. ఇప్పుడు రైతు ముందు రెండు దారులు ఉన్నవి.

మొదటిది, జతకట్టిన రాణిని తెచ్చి ఇవ్వడం. పట్టు బలంగా ఉండి, ఐదారు చట్రాలను ఈగలు దట్టంగా కప్పి ఉండి, రాణి చేతికి అందుబాటులో ఉంటేనే ఈ మాట తలపెట్టాలి. కొత్త రాణిని నేరుగా వదిలితే పరాయి వాసన పసిగట్టి, ఈగలు దానిని బంతిలా చుట్టుముట్టి, వేడితో ఊపిరాడనీయక చంపుతవి. అందుకని చిన్న జాలి పంజరంలో ఉంచి, పంజరం నోటిని పొడి చక్కెర, తేనె కలిపి పిసికిన ముద్దతో మూస్తారు. ఈగలు ఆ తీపి గోడను తిని దారి చేసుకొనేలోపల నాలుగైదు రోజులు గడుస్తవి. ఆపాటికి రాణికి పట్టు వాసన, పట్టుకు రాణి వాసన అలవాటవుతవి. ఈ పద్ధతిలో విఫలమైన ఉదంతాలలో ఎక్కువ భాగానికి కారణం తొందరపాటే: రెండవ రోజున కుతూహలంతో మూత తెరవడం, లేదా పెట్టెలో కన్యరాణి ఒకటి దాగి ఉన్నదని తెలియకపోవడం. పై పరీక్ష జరపకుండా డబ్బు పోసి రాణిని కొనరాదని పెద్దలు చెప్పడంలో అర్థం ఇదే.

కొత్త రాణిని ఒప్పించే ఈ విద్యకు మన దేశ చరిత్రలో ఒక ఆశ్చర్యకరమైన అధ్యాయం ఉన్నది. ఐరోపా తేనెటీగలను ఇక్కడ స్థిరపరచాలన్న పూర్వపు ప్రయత్నాలు నిలవలేదు. 1960వ దశకం మొదటి భాగంలో, అప్పటికి పంజాబులో భాగంగా ఉన్న కాంగ్రా జిల్లాలోని నగ్రోటా బగ్వాన్‌లో డాక్టర్ ఎ.ఎస్. అత్వాల్, ఆయన సహచరులు మరొక మార్గం త్రొక్కారు. ఇటలీ జాతి రాణులను, రాణి లేకుండా చేసిన దేశవాళీ పుట్టతేనెటీగల పట్టులలో ప్రవేశపెట్టారు. దేశవాళీ దాదులు పరాయి జాతి రాణికి తిండి పెట్టి పోషించినవి. అది గుడ్లు పెట్టినకొద్దీ దాని సంతానం పెరిగి, పాతవి ఆయువు తీరి రాలిపోయి, క్రమంగా పట్టు మొత్తం ఇటలీ జాతిదైపోయింది. ఈనాడు పంజాబు, హర్యానా, హిమాచల్, బీహారులలో లారీల మీద ఊరేగే లక్షల పెట్టెలకు మూలం ఆ చిన్న కేంద్రమే. తల్లి లేని ఇల్లు ఎవరినైనా తల్లిగా స్వీకరించగలదని, సరైన సమయం, సరైన ఓర్పు ఉంటే చాలునని, ఆ శాస్త్రజ్ఞులు గ్రహించి ఉండాలి.

రెండవ దారి, రాణిలేని పట్టును రాణిగల పట్టులో కలిపివేయడం. పేరుకు ఇది ఓటమి. పది పెట్టెలు తొమ్మిది అవుతవి. బ్యాంకు అప్పుతో పెట్టెలు కొన్నవాడికి, లెక్కపుస్తకంలో ఒక అంకె కొట్టివేయడం బాధాకరమే. అందువల్లనే చాలామంది ఏదో ఒక అద్భుతం జరుగుతుందని ఆశపడి, బలహీనమైన పెట్టెను అట్లాగే చలిలోకి పంపుతారు. మార్చిలో పది పెట్టెల స్థానంలో తొమ్మిది పెట్టెలూ, ఒక పెట్టెడు చచ్చిన ఈగలూ మిగులుతవి. కలిపి ఉంటే అదే తొమ్మిది మిగిలేవి, ఒకటి మాత్రం రెట్టింపు బలంతో. అమెరికాలోని ఉత్తర రాష్ట్రాల పెంపకందారులు రాబోయే నష్టాన్ని శరత్తులోనే అంగీకరించమని కొత్తవారికి బోధిస్తారు. ఈ విషయంలో వారి మాట వినదగినది.

కలపడానికి కావలసిన సాధనం ఒక పాత దినపత్రిక. సాయంకాలం, ఈగలన్నీ ఇల్లు చేరిన తరువాత, రాణిగల పెట్టె మూత తీసి, చట్రాల పైన ఒక్క కాగితం పరుస్తారు. గుండుసూదితో నాలుగైదు చోట్ల పొడుస్తారు. దానిపైన రాణిలేని పెట్టె అరను అమర్చి మూత పెడతారు. కిందివీ పైవీ ఆ సన్నని తెర కొరుకుతూ పోతవి. రెండు మూడు రోజులలో కాగితపు పీలికలు ద్వారం బయట పడడం మొదలవుతుంది. తెర పూర్తిగా చిరిగేసరికి రెండు పట్టుల వాసనా ఒకటైపోయి ఉంటుంది, కలహం ఉండదు. కాగితం లేకుండా కలిపితే ఆ రాత్రే యుద్ధం. వారం తరువాత చట్రాలను సర్ది, ఒక్క పెట్టెగా కుదిస్తే సరిపోతుంది.

రెండు జాగ్రత్తలు. జబ్బుపడిన పట్టును ఎన్నడూ కలపరాదు. పిల్లల చావుకు కారణం తెలియకపోయినా, పేలు మితిమీరినా, ఆరోగ్యంగా ఉన్న పెట్టెకు ఆ రోగం అంటించినవారమవుతాము. ఇక, ఈగలకు తమ ఇల్లు కన్నా ఇంటి చోటు బాగా గుర్తు. పెట్టెను తోట ఆ చివరి నుంచి ఈ చివరికి తెచ్చి కలిపితే, మేతకు పోయినవి తిరిగి పాత చోటికే పోయి, ఖాళీ నేల మీద గిరగిర తిరిగి చలికి చస్తవి. రోజుకు రెండు మూడడుగుల చొప్పున జరుపుతూ దగ్గరికి తేవాలి. అందుకే ముందుచూపు గలవారు పెట్టెలను జంటలుగా పక్కపక్కన పెడతారు.

ఈ పనులన్నీ జరుగుతున్న రోజులలో దొంగతనాల బెడద ఉంటుంది. పూలు తగ్గిన కాలంలో తెరచి ఉంచిన పెట్టె, కారిన తేనెబొట్టు పొరుగు పట్టులను పిలుస్తవి. రాణిలేని పట్టు తన ద్వారాన్ని గట్టిగా కాపాడుకోదు. దోపిడీ మొదట దానిమీదనే జరుగుతుంది. హిమాలయ సానువులలో వర్షాకాలం నుంచి అక్టోబరు వరకు పెద్ద కందిరీగలు కూడా ఇటువంటి పెట్టెలనే వెదకి పట్టుకుంటవి. అనుమానం కలిగిన రోజే ద్వారాన్ని రెండు ఈగలు దూరేటంత సన్నం చేయడం మంచిది.

ఆ తరువాతి ఏర్పాట్లు తెలిసినవే. తేనె తక్కువైతే రెండు పాళ్లు చక్కెర, ఒక పాలు నీరు చొప్పున చిక్కని పాకం ఇవ్వాలి. చలి ముదరకముందే ఇవ్వాలి, ఎందుకంటే చల్లని గాలిలో ఈగలు పాకంలోని నీటిని ఆవిరి చేయలేవు. ఖాళీ చట్రాలు తీసివేసి ఇల్లు ఇరుకు చేయాలి. వరిగడ్డి, ఎండుటాకు, గోనె కప్పి, గాలి ఆడే చిన్న సందు ఉంచాలి. పెట్టెలను లారీ ఎక్కించి పంజాబు, హర్యానా, రాజస్థాన్ ఆవచేలకు దింపేవారు కూడా ఉన్నారు. వారికి శీతాకాలపు భయం తగ్గుతుందే కాని, రాణి సమస్య తగ్గదు. రాణిలేని పెట్టెకు లారీ బాడుగ కట్టడం దండగ. కలపవలసినవి కొండ దిగకముందే కలుపుతారు. మన తెలుగు ప్రాంతపు మైదానాలలో ఈగలకు కష్టకాలం మంచు కాదు, పూలు లేని వానకాలం. అయినా తనిఖీ పద్ధతి, గుడ్ల పరీక్ష అక్కడా ఇవే.

జనవరిలో కులూ రైతు పెట్టెలు తెరవడు. మంచు లేని మధ్యాహ్నం పెట్టె పక్కకు చెవి ఆనించి, వేలితో ఒకసారి తడతాడు. లోపల ఝుమ్మని చిన్న ధ్వని లేచి, ఆగిపోతే సంతోషం. ఫిబ్రవరి చివరలో, ఎండ వెచ్చబడ్డ రోజున, ద్వారం దగ్గర కాళ్లకు పసుపుపచ్చని పుప్పొడి ముద్దలు అంటించుకొని ఈగలు దిగుతుంటే, లోపల పిల్లలు ఉన్నట్లు. అక్టోబరులో ఖాళీ అయిన ఏడవ పెట్టె అప్పటికి కొట్టంలో ఉంటుంది. దాని చట్రాలకు మైనపు పురుగు పట్టకుండా చలిగాలి తగిలే చోట వ్రేలాడదీసి ఉంటాడు. ఏప్రిల్‌లో ఆపిల్ పూతకు పరాగసంపర్కం కోసం తోటల యజమానులు పెట్టెలను బాడుగకు అడుగుతారు. పూత ముగిసి, పోతుటీగలు మళ్లీ ఎగిరే రోజులు వచ్చినప్పుడు, కలిపినందువల్ల బలిసిన ఆ పట్టును రెండుగా విడదీసి, ఏడవ పెట్టెను తిరిగి దాని రాతిదిమ్మ మీద పెడతాడు.